తొమ్మిది దొడ్ల పిలుపులు

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు అక్షరాలు వచ్చేసరికి అరవై రెండేళ్ళు నిండాయి. ఇది రాయడానికి నాలుగు నెలలు పట్టింది. కొన్ని రోజులు రెండు వాక్యాలు కూడా సాగలేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నత్తనడక నడిస్తే ఓపిక పట్టండి. విట్లాక్ కాలేజీ వంటింట్లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఈ కథలో పిల్ల అక్కడ నా పక్కన నిలబడి పళ్ళేలు కడిగింది. కొంత నేను చూశాను, కొంత తను చెప్పింది, మిగిలింది నేను అల్లుకున్నాను. ఇక నా ఊసు అక్కర్లేదు.

నెల్డా క్రౌస్‌కి కుదురుగా కూర్చోవడం చేతకాదు. కూర్చున్న రెండో నిమిషానికి కుడి మోకాలు ఆడటం మొదలెట్టేది. అయిదో నిమిషానికి బెంచీ అంతా ఊగేది. పదో నిమిషానికి పక్కవాళ్ళు పుస్తకాలు సర్దుకుని వేరే చోటికి పోయేవాళ్ళు. జీవశాస్త్రం మాస్టారు మొదటి ఏడాదే విసిగిపోయి, వెనక గోడ దగ్గర నిలబడి రాసుకోమన్నాడు. అంట్లగదిలో మాత్రం ఆమెకి సాటి లేదు. అక్కడ ఎవరూ కూర్చోరు.

ఆమె పందుల రైతు కూతురు. కాలేజీకి నలభై మైళ్ళ దూరంలో, కంకర రోడ్డు పక్కన వాళ్ళ దొడ్డి. ఏమ్స్‌లో ఉన్న పెద్ద కాలేజీలో పశువైద్యం చదవడానికి సీటు వచ్చింది. 1978లో ఒక ఆడపిల్లకి ఆ సీటు దొరకడం చిన్న సంగతి కాదు. షరతు ఒకటే. మే నెలలో విట్లాక్ పట్టా చేతికి రావాలి. రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

పట్టాకి మార్కులు అడ్డు కాదు. కళాసభలు అడ్డు.

విట్లాక్‌లో చదివే ప్రతివాళ్ళూ నాలుగేళ్ళలో నలభై కళాసభలకి వెళ్ళాలి. పాటకచేరీ, నాటకం, ఎవరో కవి వచ్చి చదవడం, ఎవరో పెద్దాయన వచ్చి తవ్వకాల బొమ్మలు తెరమీద చూపించడం, ఏదైనా సరే. చదువంటే పుస్తకాలొక్కటే కాదని ఆ కాలేజీ పెట్టినవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని పిల్లల ఇష్టానికి వదిలేయకుండా చీటీలు పెట్టారు. గుమ్మంలో చీటీ చింపి సగం తీసుకుంటారు. సభ అయిపోయి బయటికొచ్చేటప్పుడు మిగతా సగం పెట్టెలో వేయాలి. రెండు సగాలూ కలిస్తేనే ఒక సభ. మధ్యలో లేచి వెళ్ళిపోతే మొదటి సగం దిక్కులేనిదవుతుంది.

ఆ చీటీల పెత్తనం మిస్ ఆల్టా ప్రెంటిస్‌ది. ముప్ఫై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. గుమ్మంలో కూర్చునేదీ ఆమే, సగాలు కలిపి చూసేదీ ఆమే. మే రెండో వారంలో నెల్డాని పిలిపించి, బల్లమీద ఒక సగం చీటీ పెట్టింది.

"ఫిబ్రవరిలో పాత సమాధుల మీద ఉపన్యాసం. లోపలికి వెళ్ళావు. బయటికి రాలేదు. మూణ్ణెల్లయింది. ఇంకా ఆ సమాధుల్లోనే ఉన్నావా?"

"దీపాలు ఆర్పేశారు మిస్ ప్రెంటిస్. కాలు ఆగలేదు. పక్క తలుపులోంచి వెళ్ళి చెరువు చుట్టూ ఒక్కసారి తిరిగొద్దామనుకున్నాను."

"వచ్చావా?"

"తలుపు గడియ పడిపోయిందండీ."

"అంటే నీకు ముప్ఫై తొమ్మిది."

నెల్డా కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చింది. "ఇంకెన్ని సభలున్నాయండీ?"

"ఒకటే. ఆదివారం మూడింటికి. నలుగురు వచ్చి తీగ వాద్యాలు వాయిస్తారు. రెండు గంటలు. ఆ కాలు ఇంటిదగ్గర పెట్టి రా."

గదిలో ఉండే స్నేహితురాలు మేవిస్ లిండ్‌క్విస్ట్ ఈ సంగతి విని మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. మేవిస్ పాస్టరు కూతురు, చర్చి ఆర్గన్ నేర్చుకుంటోంది.

"రెండు గంటలా? మా నాన్న ప్రార్థన ఇరవై నిమిషాలు. దానికే నువ్వు మూడుసార్లు లేచావు. దేవుడే నీ వంక విసుగ్గా చూసుంటాడు."

"నవ్వింది చాలు. ఎలా గట్టెక్కాలో చెప్పవే."

"కాగితం మీద రాసుంటుంది. మొదటి పాట నాలుగు ముక్కలు. తర్వాత విరామం. రెండో పాట కూడా నాలుగు ముక్కలే. ముక్కకీ ముక్కకీ మధ్య ఆగుతారు. ఆగినప్పుడు చప్పట్లు కొట్టకు, పరువు పోతుంది. ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టుకో. రెండోదాంట్లో నాలుగోసారి ఆగారంటే అయిపోయినట్టు."

"లెక్కపెట్టడం నాకు రాదేంటి."

"వచ్చు. కాకపోతే పందుల్ని లెక్కపెట్టినట్టు పైకి లెక్కపెట్టకు."

ఆదివారం నెల్డా వెనక వరసలో, దారి పక్కన కూర్చుంది. మొదటి పాట ఎలాగో గడిచింది. మోకాలి మీద చెయ్యి వేసి తొక్కిపట్టింది. కాలు ఆగితే భుజం ఎగిరింది, భుజం ఆగితే పళ్ళు కొరికింది. విరామంలో చెరువుదాకా పరుగెత్తి, మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చి, సమయానికి కూర్చుంది.

రెండో పాట మొదలైంది. మొదటి ముక్క అయింది, ఆగారు. నెల్డా బొటనవేలు ముడిచింది. రెండో ముక్క సగంలో టప్పుమని చప్పుడైంది. ముందు కూర్చున్న ఫిడేలాయన తీగ తెగింది. నలుగురూ లేచి లోపలికి వెళ్ళారు. జనం గుసగుసలాడారు, కాగితాలతో విసురుకున్నారు. మూడు నిమిషాలకి తిరిగొచ్చి మళ్ళీ వాయించారు. ఆగారు కదా మరి, నెల్డా చూపుడువేలు ముడిచింది. తర్వాత నడిమివేలు. ఆ పైన ఒక ముక్క గుర్రాలు పరుగెత్తినట్టు సాగి, నలుగురి కమానులూ ఒక్కసారి గాల్లోకి లేచి, పెద్ద చప్పుడుతో ఆగింది. ఉంగరపువేలు కూడా ముడుచుకుంది. నాలుగు. చప్పట్లు వినబడలేదు గానీ, ఇక్కడి జనం అన్నిటికీ ఆలస్యంగానే కొడుతున్నారని ఆమె అంతకుముందే గమనించింది. అప్పటికే లేచి నిలబడింది. రెండు అంగల్లో తలుపు దాటింది.

వసారాలో మిస్ ప్రెంటిస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నెల్డా చీటీ చాపింది. మిస్ ప్రెంటిస్ అరచెయ్యి పెట్టె కన్నం మీద మూసింది.

"వినబడటం లేదా?"

మూసుకున్న తలుపు వెనక పెద్ద ఫిడేలు ఒక్కటే, నెమ్మదిగా, కొత్త ముక్క ఎత్తుకుంది.

నెల్డా ముడిచిన వేళ్ళు చూపించింది. "నాలుగు లెక్కపెట్టానండీ."

"తీగ తెగినదాన్ని కూడా లెక్కపెట్టావు."

"లోపలికి పోనివ్వండి. చప్పుడు చెయ్యను."

"వాయిస్తుండగా తలుపు తీయకూడదు. నీకోసం తీస్తే రేపు అందరికీ తీయాలి."

"ఒక్క ముక్కే కదండీ మిగిలింది. మిగతాదంతా కూర్చునే విన్నాను."

"చూశాను. నీ వరసలో వాళ్ళందరూ పడవలో కూర్చున్నట్టు ఊగారు."

నెల్డా కోట్లు తగిలించే కొయ్యలదాకా నడిచింది. తిరిగి తలుపుదాకా నడిచింది. మళ్ళీ కొయ్యల దాకా. "ఏమ్స్ సీటు పోతుందండీ," అంది గోడతో చెబుతున్నట్టు.

మిస్ ప్రెంటిస్ ఆమె ఇటూ అటూ తిరగడం కాసేపు చూసింది. "నియమాల పుస్తకం చదివావా ఎప్పుడైనా?"

"లేదండీ."

"ఎవరూ చదవరు. అందుకే నాతో వాదనకి దిగి అందరూ ఓడిపోతారు. ఆఖరి పేజీ చూడు, తొమ్మిదో నియమం. తనంతట తాను ఒక కళాసభ జరిపిన విద్యార్థికి ఆ సభ లెక్కలోకి వస్తుంది. మూడు రోజుల ముందు బోర్డు మీద పెట్టాలి. యాభై నిమిషాలకి తగ్గకూడదు. ఇరవై అయిదుమంది ఆఖరిదాకా ఉండాలి. ఇరవై నాలుగుమంది ఉంటే కుదరదు."

"ఎవరైనా చేశారా?"

"1951లో ఒకడు కత్తులు తిప్పాడు. పందొమ్మిదిమంది మిగిలారు."

అప్పుడే లోపల చప్పట్లు మోగాయి, తలుపులు తెరుచుకున్నాయి. జనం ఒక్కసారిగా బయటికొచ్చి పెట్టె చుట్టూ మూగారు. మిస్ ప్రెంటిస్ తల వంచుకుని ఉంది. నూరు చేతుల్లో ఇంకో చెయ్యి ఎవరిదో ఆమెకి తెలిసేది కాదు. నెల్డా కూడా ఆ సంగతి గ్రహించింది. సగం చీటీ వేళ్ళ మధ్య నలిగింది. జనం పలచబడేదాకా కొయ్యల పక్కనే నిలబడి, చీటీని జేబులో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నంలోగా బోర్డు మీద కాగితం పడాలి. గురువారం సభ. శుక్రవారం పేర్ల జాబితా. ఆదివారం పట్టాలు. ఆ రాత్రి అంట్లగదిలో ఆవిరి మధ్య నెల్డా పళ్ళేల మీద బంగాళాదుంప గుజ్జు గీకుతోంది. మేవిస్ తన పళ్ళెం కిటికీలోంచి లోపలికి తోసి, అక్కడే మోచేతులు ఆన్చింది.

"పాడగలవా?"

"లేదు."

"కవిత్వం?"

"నన్ను చూస్తే అలా ఉన్నానా?"

"మరి నీకేం వచ్చు తల్లీ, పంది పని తప్ప?"

"అదొక్కటే. పురుడు పోస్తాను. పిల్లల కోరపళ్ళు కత్తిరిస్తాను. మేతకి పిలుస్తాను."

"పిలవడానికేముంది, అందరూ ఒకేలా అరుస్తారుగా."

నెల్డా చేతిలో పళ్ళెం పక్కన పెట్టింది. "ఒకేలా అరిస్తే పక్కింటి పందులు వచ్చెయ్యవా? మా రోడ్డు మీద తొమ్మిది దొడ్లు. తొమ్మిదికీ తొమ్మిది పిలుపులు. హోక్‌స్ట్రా వాళ్ళది కిందనుంచి పైకి లేస్తుంది. టెస్మర్ ముసలమ్మ మూకుడు మీద మూడుసార్లు కొట్టి ఈల వేస్తుంది. బ్రూన్ వాళ్ళు ఇప్పటికీ వాళ్ళ తాత దేశం మాటతోనే పిలుస్తారు. చేలో రెండు మందలూ కలిసిపోయి మేస్తున్నా సరే, ఎవరు పిలిస్తే వాళ్ళవే వస్తాయి. ఒక ఇంటి పిలుపు ఇంకో ఇంటివాళ్ళు వాడరు. వాడితే గొడవలైపోతాయి."

మేవిస్ నవ్వడం మానేసింది. "ఇవన్నీ నీకు వచ్చా?"

"పుట్టినప్పటినుంచి వింటున్నాను. రాకుండా ఎలా ఉంటాయి."

"అయితే చెయ్యి తుడుచుకుని రాయి. ఇదే."

నెల్డా తడి చేత్తో రాసింది: మా రోడ్డు మీది తొమ్మిది దొడ్ల పిలుపులు, గురువారం నాలుగు గంటలకి. మిస్ ప్రెంటిస్ దాన్ని తీసుకుని, అద్దాల బోర్డులో పెట్టి, తాళం వేసింది. తాళం పడ్డాక గానీ నెల్డాకి తట్టలేదు. తొమ్మిది అని అలవాటుగా రాసేసింది. తొమ్మిదో దొడ్డి వాళ్ళదే. ఆ పిలుపు ఆమె నోట పలికి పదమూడేళ్ళయింది.

"మిస్ ప్రెంటిస్, ఎనిమిది అని దిద్దుకోవచ్చాండీ?"

"దిద్దితే కొత్త ప్రకటన అవుతుంది. కొత్త ప్రకటన అయితే మళ్ళీ మూడు రోజులు."

దిద్దలేదు. ఎనిమిది చేసి దిగిపోదాం, ఎవరు లెక్కపెడతారు అనుకుంది.

ఆ మూడు రోజులూ ఆమె ఎక్కడా నిలవలేదు. చెరువు చుట్టూ గడ్డి అణిగిపోయింది. దారిలో కనబడ్డ ప్రతివాడూ వెనకనుంచి గుర్రు గుర్రుమన్నాడు. అన్నాల దగ్గర ఒకడు తన ఉడికించిన మొక్కజొన్న కండెని ఆమె ముందు పెట్టి, "పిలు, వస్తాను," అన్నాడు. వంటింట్లోవాళ్ళం అయిదుగురం వస్తామని మాటిచ్చాం. మేవిస్ తను కాక తన పాటల జట్టులో అయిదుగురి చేత ఒట్టు వేయించుకుంది. పదకొండు. ఇంకా పద్నాలుగుమంది ఎక్కడినుంచి వస్తారో తెలియదు. అంట్లగదిలో నెల్డా పళ్ళేలు ఎంత వేగంగా కడిగిందంటే రెండు పగిలాయి.

గురువారం నాలుగుకి పది నిమిషాలుందనగా ఆమె వేదిక పక్క తెరలోంచి తొంగి చూసింది. పదకొండుమంది ఉన్నారు. అయిదు నిమిషాలుందనగా తలుపులు ఊడొచ్చేలా జనం పడ్డారు. ఒకడు టోపీ తిప్పుకుంటూ, ఒకతె గోళ్ళు కొరుక్కుంటూ, ఒకడు వరసల మీదుగా అంగలేస్తూ వస్తున్నారు. అందరూ ఆఖరి ఏడాదివాళ్ళే. మేవిస్ పరుగెత్తుకొచ్చింది.

"విట్లాక్‌లో కాలు నిలవంది నీ ఒక్కదానికే అనుకున్నావా? ఒకటీ రెండూ తక్కువైనవాళ్ళు యాభైమంది దాకా ఉన్నారట. ఇదే ఆఖరి సభ. నీ పందుల మీద ప్రేమతో ఎవరూ రాలేదు, ఆశ పెట్టుకోకు."

"ఎందుకొస్తే ఏం. ఉంటారా?"

"అది నువ్వు చూసుకోవాలి."

అరవై ఒక్కరు. వేదిక మీదినుంచి చూస్తే అరవై ఒక్క మోకాళ్ళు ఆడుతున్నాయి. నెల్డా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వేదిక ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ మాట్లాడింది.

"పంది చెవిటిది కాదు. మతిమరుపు మనిషికున్నంత కూడా దానికి లేదు. మొదటి దొడ్డి హోక్‌స్ట్రా వాళ్ళది."

అని నోటికి రెండు పక్కలా చేతులు ఆన్చి పిలిచింది. ఆ కేక పైకప్పుకి తగిలి అద్దాలమీద జారింది. జనం గొల్లుమన్నారు. నాలుగో వరసలో ఒకడు గుర్రుమని బదులిచ్చాడు.

"నువ్వు హోక్‌స్ట్రా వాళ్ళ పందివి కాదు," అంది నెల్డా నడక ఆపకుండా. "వాళ్ళవి ఇంత ఆలస్యంగా పలకవు."

ఈసారి నవ్వు వాడి మీదికి మళ్ళింది. రెండోది బ్రూన్ వాళ్ళది, "కోమ్, కోమ్, కోమ్" అని, అంటే రా రా అని, గుమ్మంలో మనిషిని పిలిచినట్టు మెల్లగా. మూడోది టెస్మర్ ముసలమ్మది. దానికి వంటింటి మూకుడొకటి తెచ్చుకుంది. ఏ పిలుపు ఎందుకలా ఉందో చెప్పింది. వాగుకి అవతల ఉన్నవాళ్ళది నీటి చప్పుడు మీదుగా వెళ్ళాలి గనక సన్నగా ఉంటుంది. చెట్లున్న చోట లావుగా ఉంటుంది. అయిదో దొడ్డి అమ్ముకుపోయారు, పిలుపు ఇక ఎవరిదీ కాదు. ఏడోదీ అంతే.

ఎనిమిదోది అయ్యేసరికి గోడ గడియారం నాలుగూ ముప్ఫై ఒకటి చూపించింది. అప్పటికే పదిమంది జారుకున్నారు. ఇంకా పందొమ్మిది నిమిషాలుంది. నెల్డా దగ్గర మాట అయిపోయింది. వేదిక చివరిదాకా నడిచి, "ఇంకేమైనా అడగండి," అంది.

కుర్చీలు కిర్రుమన్నాయి. మరో ముగ్గురు లేచి తలుపు వైపు నడిచారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వసారాలో మిస్ ప్రెంటిస్ వీపు కనబడి మాయమైంది.

నాలుగో వరసవాడు చెయ్యెత్తాడు. "బోర్డు మీద తొమ్మిదని ఉంది. ఎనిమిదే అయ్యాయి. నేను లెక్కపెట్టాను."

"తొమ్మిదోది మాది."

"అయితే కానీ."

"మాది చెయ్యను."

"ఎందుకని? అందరివీ చేసి మీది దాచుకుంటావా?" అన్నాడు వాడి పక్కవాడు. ఇంకో ఇద్దరు సంచులు భుజాన వేసుకున్నారు. నెల్డా వాళ్ళ కాళ్ళవైపు చూసింది. లేవబోయే కాలు ఎలా ఉంటుందో ఆమెకి చెప్పనక్కర్లేదు.

"పిలిచాక మేత పెట్టాలి," అంది. "అదొక్కటే నియమం. ఏ దొడ్డిలోనైనా అంతే. ఖాళీ బకెట్‌తో పిలవకూడదు. నేను పిలిచాను."

లేచినవాళ్ళు లేచిన చోటే ఆగారు.

"నాకు తొమ్మిదేళ్ళు. ఒమాహా నుంచి మా పిన్ని పిల్లలు ఇద్దరొచ్చారు, వారం రోజులు. పట్నం పిల్లలు. వాళ్ళకి ఈతొచ్చు, స్కేటింగొచ్చు, పియానో వచ్చు. నాకేం వచ్చు? ఖాళీ బకెట్ తీసుకుని కంచె ఎక్కి పిలిచాను. నూట నలభై పందులు దుమ్ము లేపుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాయి. వాళ్ళ ముఖాలు చూడాలి మీరు. మళ్ళీ పిలవమన్నారు. పిలిచాను. రోజుకి అయిదారుసార్లు. మూడో రోజుకి సగమే వచ్చాయి. అయిదో రోజుకి ముసలివి రావడం మానేశాయి. ఆరో రోజు చెవులెత్తి చూసి మళ్ళీ తలలు దించుకున్నాయి. ఆ పిల్లలు ఒమాహా వెళ్ళిపోయారు."

ఆమె మాట్లాడుతూ నడుస్తూనే ఉంది. జనం తలలు ఆమెతోపాటు ఇటూ అటూ తిరిగాయి.

"ఆ ఆదివారం వాన. మధ్యాహ్నానికి వాగు పొంగింది. పందులు వాగు పక్క పల్లంలో ఉన్నాయి. నాన్న గట్టు మీద నిలబడి పిలిచాడు. మొక్కజొన్న నిండా ఉంది బకెట్‌లో. పిలిచాడు, పిలిచాడు. అవి తలెత్తి చూశాయి. రాలేదు. నాన్నకి అర్థం కాలేదు. నావైపు చూశాడు. నా ముఖం చూశాక అర్థమైంది. నడుంలోతు నీళ్ళలో దిగి కర్రతో తోలుకొచ్చాడు, వచ్చినన్ని. పదకొండు పోయాయి."

"కొట్టాడా?" ఎవరో ఆడపిల్ల అడిగింది.

"లేదు. తిట్టలేదు కూడా. పిలుపు మార్చేశాడు. మా తాత నాటి పిలుపు. అది ఇక పనికిరాదని, కొత్తది కట్టి, వేసవంతా పందులకి నేర్పాడు. పిలిచిన ప్రతిసారీ గింజలు. అమ్మకి నేర్పాడు. నాకు నేర్పలేదు. నేను అడగలేదు."

"కొత్తది నీకు తెలియదా?"

"పదమూడేళ్ళుగా, ఇంటిదగ్గర ఉన్నప్పుడల్లా రోజుకి రెండుసార్లు వింటున్నాను. ఎందుకు తెలియదు. నిద్రలో కూడా చెయ్యగలను."

"మరి చెయ్యొచ్చుగా."

"అది నాది కాదు."

సంచులు భుజాన ఉన్న ఇద్దరూ నిలబడే ఉన్నారు. గోడవారగా మరికొందరు లేచి నిలబడ్డారు, కానీ పోవడానికి కాదు. నాలుగో వరసవాడు ఈసారి చెయ్యెత్తకుండా, కొంచెం తగ్గి అడిగాడు.

"పాతదో? అది ఇప్పుడు ఏ పందీ వినదుగా."

నెల్డా నడక ఆగింది. చేతులు నోటిదాకా వచ్చి, దిగి, మళ్ళీ వచ్చాయి.

ఆ పిలుపు మిగతా ఎనిమిదింటిలా లేదు. పెద్దగా కూడా లేదు. రెండు పొడుగు కేకలు, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ, చివర ఒక చిన్న విరుపు. గొంతు మాత్రం తొమ్మిదేళ్ళ పిల్లదే అనిపించింది. తెరిచిన కిటికీల్లోంచి అది పచ్చిక దాటి చెరువు మీదికి పోయింది. గుర్రుమన్నవాళ్ళు లేరు.

తర్వాత జనం అడగడం మొదలెట్టారు. వాగు ఎంత లోతు, కొత్త పిలుపు నేర్చుకోడానికి పందులకి ఎన్నాళ్ళు పట్టింది, ఒమాహా పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా. చెప్పలేదంది. అమ్మతో? అమ్మకి నాన్న చెప్పి ఉంటాడంది. గడియారం సంగతి ఆమే మర్చిపోయింది. మిస్ ప్రెంటిస్ తలుపులు బార్లా తెరిచి నిలబడితే గానీ ఎవరూ అటు చూడలేదు.

చీటీలు బల్లమీద పోసి మిస్ ప్రెంటిస్ రెండుసార్లు లెక్కపెట్టింది. మూడోసారి కూడా లెక్కపెట్టింది, అది ఆమె స్వభావం. నెల్డా బల్ల చుట్టూ తిరుగుతోంది.

"నలభై ఎనిమిది. పదమూడుమంది మధ్యలో పోయారు, వాళ్ళకి పట్టా లేదు. యాభై నాలుగు నిమిషాలు. తిరక్కు, కళ్ళు తిరుగుతున్నాయి. నీకు నలభై."

"అంటే అయిపోయినట్టేనా?"

"నా వరకు అయిపోయింది."

మిస్ ప్రెంటిస్ సంతకం చేసి కాగితం ఇచ్చింది. మేవిస్ వచ్చి మెడకి వేలాడింది, వంటింటివాళ్ళం వెనకనుంచి చప్పట్లు కొట్టాం. నెల్డా నవ్వింది గానీ ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు. సీటు దక్కింది, దక్కాక ఇంకేదో పీకడం మొదలైంది. పదమూడేళ్ళు ఇంట్లో ఒక్కరితోనూ అనని మాట ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో సహా నలభై ఎనిమిదిమంది విన్నారు. వినాల్సినవాడు నలభై మైళ్ళ దూరంలో కొట్టం శుభ్రం చేసుకుంటూ ఉన్నాడు. ఈ కబురు ఆ రోడ్డు చేరడానికి రెండు రోజులు కూడా పట్టదు.

రాత్రి భోజనాల గంట కొట్టకముందే ఆమె వసతిగృహం కింద ఉన్న ఫోను దగ్గరికి వెళ్ళింది. తీగ ఎంత పొడుగుంటే అంత దూరం నడుస్తూ, మళ్ళీ వస్తూ, మోగుతున్నది వింది. ఇంటిదగ్గర ఎత్తింది వాళ్ళ నాన్న ఆర్నో క్రౌస్. ఆయన ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు ఇంకా లైనులో ఉన్నారో లేదో అన్న అనుమానంతో అరిచినట్టు మాట్లాడతాడు.

"ఏమైంది? పట్టా ఇస్తారా?"

"ఇస్తారు నాన్నా. నలభై అయ్యాయి."

"మంచిది. మీ అమ్మకి చెబుతాను. గౌను ఇస్త్రీ చేసుకుంటోంది. ఆ ఫిడేళ్ళ కచేరీకి వెళ్ళావా?"

"అది కుదరలేదు. నేనే ఒకటి చేశాను. మన రోడ్డు మీద పిలుపులన్నీ చేసి చూపించాను."

"అవి చూడటానికి జనం వచ్చారా?" ఆయనకి నవ్వొచ్చింది. "హోక్‌స్ట్రాకి చెప్పాలి. వాడి గొంతు కాలేజీ దాకా వెళ్ళిందంటే వాణ్ణి పట్టుకోలేం."

"నాన్నా, వాగు సంగతి కూడా చెప్పాను. ఖాళీ బకెట్ సంగతి."

తీగ బిగుసుకుంది. ఇంకా నడవడానికి చోటు లేదు. అటు తలుపు చప్పుడు, దూరంగా పందుల అలికిడి, వంటగదిలో అమ్మ ఏదో అడగడం, నాన్న ఫోను మీద చెయ్యి మూసి బదులివ్వడం అన్నీ వినబడ్డాయి. తర్వాత ఆయన మాట్లాడినప్పుడు అరవలేదు.

"ఎన్ని పోయాయని చెప్పావు?"

"పదకొండు."

"పన్నెండు," అన్నాడు ఆర్నో. "ఒకటి మర్నాడు పొద్దున పోయింది. నీళ్ళు మింగింది. నువ్వు లేవకముందే తీసుకెళ్ళి పాతిపెట్టాను."

నెల్డా గోడకి ఆనుకుంది.

"మళ్ళీ ఎక్కడైనా చెప్పాల్సి వస్తే," అన్నాడు, "పన్నెండని చెప్పు."

ఇర్మా హాస్కెల్, ఎనభై ఒక్కేళ్ళు. ఇప్పుడు డబ్యూక్‌లో మా చెల్లెలి కూతురింట్లో, మేడమీది గదిలో ఉంటున్నాను.